గేమ్ మధ్యలో ఠపీమని ఆరిపోయే పీసీ: ఏ టూల్ పనికొచ్చింది, ఏది టైమ్ తినేసింది

అందరికీ నమస్కారమండీ. ఒడిశాలోని రాయగడ నుంచి మాట్లాడుతున్నాను. ఇవాళ టేబుల్ మీదున్నది మా పిన్ని కొడుకు గేమింగ్ పీసీ. గేమ్ ఆడుతుంటే ఉన్నట్టుండి ఆరిపోతుంది, మళ్ళీ దానంతటదే ఆన్ అవుతుంది. చూసిన షాపాయన గ్రాఫిక్స్ కార్డు పోయిందన్నాడట. కార్డంటే మాటలా? పిన్ని అయితే "ఆ డబ్బా అమ్మేసి సెల్‌ఫోన్‌లో ఆడుకోరా" అంటోంది. అంత డబ్బు పోసేముందు, ఇలాంటి కేసుల్లో అందరూ చెప్పే ఫ్రీ టూల్స్ దీనిమీద నడిపి చూశాను. దేనికెన్ని మార్కులో చెప్పడానికే ఈ రివ్యూ. ఒక్కటి ముందే చెప్పేస్తాను: ఫస్ట్ వచ్చింది మాత్రం ఇన్‌స్టాల్ చేసుకునే సరుకు కాదు.

టూల్స్ జోలికి పోకముందు పీసీ ఎలా చస్తోందో కళ్ళారా చూడండి. "క్రాష్ అవుతోందన్నా" అని అందరూ ఒకేమాట అంటారు గానీ ఆ చావుల్లో రకాలున్నాయి. బ్లూ స్క్రీన్ పడిందంటే విండోస్ చచ్చేముందు వాంగ్మూలం ఇచ్చినట్టే, ఆ కోడ్ రాసుకోండి. బొమ్మ పోయి సౌండ్ మాత్రం వస్తోందంటే ముందు గ్రాఫిక్స్ డ్రైవర్నీ, కార్డునీ అనుమానించాలి. బొమ్మ బిగుసుకుపోయి సౌండ్ ఒకే ముక్క దగ్గర బర్రుమంటుంటే ర్యామ్, ప్రాసెసర్, ఎస్ఎస్‌డీ అన్నీ లైన్లో ఉంటాయి. ఏ కబురూ లేకుండా లైట్లు, ఫ్యాన్లతో సహా ఒక్కసారి ఆరిపోయి మళ్ళీ లేస్తే కరెంటు దారిన వెతకాలి. మా గుంటడి పీసీది ఈ ఆఖరి రకం.

(స్క్రీన్ మీద ఈవెంట్ వ్యూయర్)

ఈవెంట్ వ్యూయర్. ఇది విండోస్‌తోనే వస్తుంది, పీసీలో జరిగినవన్నీ రాసిపెట్టే డైరీ లాంటిది. విండోస్ లాగ్స్, అందులో సిస్టమ్. ఇదిగో ఎర్ర గుర్తుతో కెర్నల్ పవర్ 41. ఇది కనబడగానే "పవర్ సప్లై పోయింది" అని తీర్పిచ్చేసేవాళ్ళు చాలామంది. ఈ 41 చెప్పేదల్లా విండోస్ పద్ధతిగా షట్‌డౌన్ అవకుండా మళ్ళీ మొదలైందని, అంతే. మీరు పవర్ బటన్ నొక్కిపట్టి ఆపినా ఇదే 41 పడుతుంది. అసలు సరుకు డీటెయిల్స్ ట్యాబ్‌లో ఉంది. బగ్‌చెక్ కోడ్, అంటే బ్లూ స్క్రీన్ కోడ్, అనే వరస చూడండి. అక్కడ 278 ఉంటే హెక్స్‌లో అది 0ఎక్స్116, డిస్‌ప్లే డ్రైవర్ పడిపోయి లేవలేదని. 292 ఉంటే 0ఎక్స్124, హార్డ్‌వేరే తప్పు రిపోర్ట్ చేసిందని. మనవాడి దాంట్లో అన్నీ సున్నాలే. అంటే విండోస్‌కి నోరు తెరిచే టైమ్ కూడా దొరకలేదు.

ఇప్పుడు కుడి పక్కన ఆ టైములు చూడండి. అన్నీ సాయంత్రం ఏడుకీ పదికీ మధ్య. సెలవుల్లో వీడు పొద్దున్నుంచీ ఆడుతూనే ఉన్నాడు, మధ్యాహ్నం ఒక్కటీ లేదు. కార్డే పోతే పగలూ రాత్రీ చూసుకుని పోతుందా? నాకు అనుమానం కలిగింది ఇక్కడే. పదికి తొమ్మిది మార్కులు దీనికి, ఒకటి తగ్గించింది ఆ మెనూల గందరగోళానికి.

పీసీలో వేడి, వోల్టేజ్ చూపించే హెచ్‌డబ్ల్యూఇన్ఫో కూడా మంచిదే. సెన్సర్లు లాగ్ పెట్టి గేమ్ ఆడించండి, ఆరిపోయాక ఫైల్ తెరిచి చివరి వరస చదవండి. కార్డు 74 డిగ్రీలు, ప్రాసెసర్ 81. మన ఊరి ఎండకీ, ఫిల్టర్లో పేరుకున్న ఎర్ర దుమ్ముకీ ఇది మర్యాదగా ఉన్నట్టే. వేడి తప్పు కాదన్నమాట. అయితే అందులో 12 వోల్ట్ రీడింగ్‌ని పట్టుకుని తీర్మానాలు చెయ్యకండి. మదర్‌బోర్డు సెన్సర్ చెప్పేది చాలాసార్లు ఉజ్జాయింపే.

మెమ్‌టెస్ట్86 పెన్‌డ్రైవ్ నుంచి బూట్ అవుతుంది, ఫ్రీ దాంట్లో 4 పాస్‌లు. ర్యామ్ అనుమానం ఉంటే దీనికి మించింది లేదు. ఒక్క ఎర్రర్ వచ్చినా ఫెయిలే, అప్పుడు ఎక్స్‌ఎంపీ (ర్యామ్‌ని ఎక్కువ స్పీడ్‌లో నడిపే సెట్టింగ్) ఆపి మళ్ళీ నడపాలి. కానీ గంటలకి గంటలు పడుతుంది, గాలివాన కొట్టే సీజన్లో రాత్రంతా కరెంటు ఉండాలంటే మజ్జిగౌరమ్మ తల్లికి మొక్కుకోవాలి. మావాడి ర్యామ్ పాసైంది. డీడీయూ అనే టూల్‌తో గ్రాఫిక్స్ డ్రైవర్ కడిగి మళ్ళీ వెయ్యడం కూడా చేశాం, తేడా లేదు. బగ్‌చెక్ సున్నా ఉన్నవాళ్ళు ముందే దానిమీద పడి సాయంత్రం పాడుచేసుకోనక్కర్లేదు.

ఓసీసీటీలో పవర్ టెస్ట్ ఉంది. ప్రాసెసర్నీ కార్డునీ ఒకేసారి పిండుతుంది. మధ్యాహ్నం గంటసేపు పెడితే పీసీ చెక్కుచెదరలేదు. పవర్ సప్లై, కార్డు రెండూ ఫుల్ లోడ్ మోస్తున్నాయని తేలింది. చిన్న హెచ్చరిక, ఊరూ పేరూ లేని సస్తా పవర్ సప్లై ఉంటే ఈ టెస్ట్ పెట్టకండి, పొగ చూస్తారు.

అన్నట్టు, ఆ షాపాయనలాగే అందరూ ముందు కార్డు మీదే పడతారు, దానికి పెద్ద ఉదాహరణ ఇంటెల్ 13, 14వ తరం డెస్క్‌టాప్ ప్రాసెసర్లు. గేమ్ తెరవగానే వీడియో మెమరీ చాల్లేదని ఎర్రర్ వచ్చేది, జనం కార్డులు మార్చుకున్నారు. తప్పు ప్రాసెసర్‌ది, వోల్టేజ్ ఎక్కువ అడిగి మెల్లగా పాడయ్యేది. 2024 ఆగస్టులో 0ఎక్స్129 మైక్రోకోడ్ (బయోస్ అప్‌డేట్‌తో వచ్చే, ప్రాసెసర్ లోపలి సాఫ్ట్‌వేర్), సెప్టెంబర్లో 0ఎక్స్12బి ఇచ్చారు, వారంటీ 2 ఏళ్ళు పెంచారు. పాడైపోయిన చిప్పుని మాత్రం ఆ అప్‌డేట్ బాగుచెయ్యదు. మీ పీసీలో అవి ఉంటే ముందు బయోస్ అప్‌డేట్ అయిందో లేదో చూసుకోండి. మావాడిది ఆ తరం కాదు.

ఇప్పుడు గోడ దగ్గరికి పోదాం. మల్టీమీటర్, కొన్ని వందల రూపాయల సరుకు. ఏసీ 750 రేంజ్, ఎర్ర వైరు వోల్ట్ అని రాసున్న కన్నంలో పెట్టండి, 10 ఆంపియర్ కన్నంలో పెట్టి సాకెట్‌లో దూర్చారో టపాసే. పిల్లలైతే ఎలక్ట్రీషియన్‌ని పిలవండి. మధ్యాహ్నం 230 దగ్గర ఉంది. రాత్రి ఎనిమిదికి 176. పక్కింట్లో మోటార్ వేసినప్పుడల్లా ఫ్యాన్ ఓసారి మూలిగి మళ్ళీ అందుకుంటోంది. నడుమ నడుమ కరెంటు రెప్పపాటు పోయి వస్తోంది కూడా. ఆ రెప్పపాటు మీటర్‌కి అందదు.

పీసీ ప్లగ్గు ఎక్కడుందని చూస్తే, ఇంటి ఇన్వర్టర్ లైన్లో. ఇన్వర్టర్ వెనక చిన్న స్విచ్ ఉంటుంది, ఒకవైపు యూపీఎస్, రెండోవైపు ఎకో. వీళ్ళది ఎకోలో ఉంది. చాలా మోడళ్ళలో యూపీఎస్ మోడ్ అయితే 10, 15 మిల్లీసెకన్లలో బ్యాటరీకి మారుతుంది, ఎకోలో 40 దాకా పడుతుంది. మరి పీసీ పవర్ సప్లై కరెంటు లేకుండా ఎంతసేపు ఆగగలదు? పీసీ పవర్ సప్లైలకి కొలతలు పెట్టే ఏటీఎక్స్ లెక్క ప్రకారం భారీ లోడ్ మీద 16 మిల్లీసెకన్ల చుట్టుపక్కల. లోడ్ తక్కువుంటే ఇంకాస్త ఎక్కువ లాగుతుంది. అర్థమైందా ఇది? సినిమా చూస్తున్నప్పుడు ఆరిపోకుండా గేమ్ ఆడుతున్నప్పుడే ఎందుకు ఆరిపోతోందో?

అనుమానం తీర్చుకుందామని పట్టపగలు ఇన్వర్టర్‌కి వచ్చే మెయిన్ స్విచ్ కట్టేశాను. డెస్క్‌టాప్ ఖాళీగా ఉన్నప్పుడు కడితే పీసీ కదల్లేదు. గేమ్ నడుస్తుండగా కడితే ఠక్. ఈవెంట్ వ్యూయర్‌లో మళ్ళీ అదే 41, అదే సున్నా. మీరు చేసేటప్పుడు సేవ్ చెయ్యని పని ఏదీ ఉంచుకోకండి. నా లిస్టులో ఫస్ట్ ర్యాంకు ఈ మెయిన్ స్విచ్‌దే, పైసా ఖర్చు లేదు.

యూపీఎస్ మోడ్‌కి తిప్పితే సరిపోదా అంటారు. తిప్పాం. ఆ మోడ్ తక్కువ వోల్టేజ్ ఒప్పుకోదు, సుమారు 180 కిందికి పడితే బ్యాటరీకి పోతుంది. మా వీధిలో రాత్రంతా బ్యాటరీ మీదే. పైగా ఇంట్లో ఫ్యాన్లు, లైట్లు, వీడి గేమ్ అన్నీ కలిసి 900 వీఏ ఇన్వర్టర్‌ని ఓవర్‌లోడ్‌లో పడేశాయి.

చివరికి చేసింది ఇదీ: పీసీకి సొంతంగా 1000 వీఏ లైన్ ఇంటరాక్టివ్ యూపీఎస్ (తక్కువ వోల్టేజ్‌ని బ్యాటరీ జోలికి పోకుండా తానే సర్దే రకం), ఇన్వర్టర్ లైన్‌తో సంబంధం లేని సాకెట్‌లో. షాపుల్లో చేతికి ముందిచ్చేది 600 వీఏ, దాని అసలు బలం 360 వాట్లే. పీసీ గేమ్‌లో లాగేది 400 వాట్లు, మానిటర్ అదనం. అందుకే డబ్బా మీద వీఏ కాదు, వాట్లు చదవండి. మాకు దొరికినదాని మీద 600 వాట్లని ఉంది, రాయగడలో దొరక్క విశాఖ నుంచి రైల్లో మోసుకొచ్చాం. ఇన్‌పుట్ రేంజ్ కూడా చూడండి, 140 నుంచి పట్టుకునేదైతే మన ఊళ్ళకి పనికొస్తుంది. కొన్ని పవర్ సప్లైలు సైన్ వేవ్ (గోడ కరెంటులాంటి నున్నటి అల) లేని యూపీఎస్‌తో పేచీ పెడతాయి, కొనేముందే మార్చుకునే వీలు అడిగి ఉంచుకోండి. ఇన్వర్టర్ లైన్ మీద యూపీఎస్ తగిలించడం మాత్రం వద్దు, రెండూ ఒకదాని వేవ్ ఒకదానికి నచ్చక కొట్టుకుంటాయి.

దాని తర్వాత రాత్రిళ్ళు 41 పడలేదు, పాత కార్డే నడుస్తోంది. కరెంటు పూర్తిగా పోతే ఇది గంటలు లాగదు, కొద్ది నిమిషాలే. బీప్ మొదలవగానే సేవ్ చేసి ఆపెయ్యాలి. ఆన్‌లైన్ మ్యాచ్‌లు ఆడేవాళ్ళు వైఫై రూటర్‌ని కూడా దీనికే తగిలించండి. పీసీ బతికుండి నెట్ పోతే మావాడు పెట్టే గోల ఇంకా ఎక్కువ.