‘డిసిపేట్’: ఏది చెదురుతుంది, ఏది కరిగిపోతుంది

సభకు నమస్కారం.

డిసిపేట్ అన్న ఇంగ్లీషు క్రియకు చెదరగొట్టు, పోగొట్టు, దుబారా చేయు అని అర్థాలు చెప్పుకుంటాం. మూడూ సరైనవే. అయితే వాటినే పట్టుకుని ‘రైతు విత్తనాలను డిసిపేట్ చేశాడు’ అనో, ‘పోలీసులు గుంపును డిసిపేట్ చేశారు’ అనో రాస్తే ఇంగ్లీషు చెవికి ఎబ్బెట్టుగా ఉంటుంది. విత్తనాలకు స్కాటర్, పొలమంతా సమంగా చల్లితే బ్రాడ్‌కాస్ట్. గుంపుకు డిస్పర్స్. మన చట్టాల్లో కూడా ఉన్నది ఆ మాటే: పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 129వ సెక్షన్ గానీ, ఇప్పటి నాగరిక సురక్షా సంహితలో 148వ సెక్షన్ గానీ గుంపును డిస్పర్స్ చేయడం గురించే మాట్లాడతాయి.

ఎక్కడ ఏది వాడాలో తేల్చుకోవడానికి ఒక ప్రశ్న వేసుకుంటే చాలు: చెదిరినదాన్ని మళ్లీ పోగు చేయగలమా? నేల మీద ఒలికిన సెనగలను ఏరుకోవచ్చు, అది స్కాటర్. సందుల్లోకి వెళ్లిపోయిన జనం రేపు మళ్లీ చేరతారు, అది డిస్పర్స్. పలచబడి పలచబడి చివరికి పోగు చేయడానికేమీ మిగలకపోతే డిసిపేట్. లాటిన్‌లో దీని మూలం విడివిడిగా విసిరేయడం అనే మాట. ఇంగ్లీషులోకి 15వ శతాబ్దంలో వచ్చింది. విసిరేయడం అనే భావం ఇప్పుడు దాదాపుగా పోయింది, అంతరించిపోవడం అనే భావం నిలిచింది.

పొగమంచును చూడండి. ఎండ ఎక్కి నేల వేడెక్కే కొద్దీ ఆ సన్నటి నీటి బిందువులు ఆవిరైపోతాయి. ‘ద ఫాగ్ డిసిపేటెడ్ బై నైన్’ అంటే తొమ్మిదికల్లా మంచు విడిపోయిందని. ఇక్కడ మనవాళ్లు ‘వాజ్ డిసిపేటెడ్’ అని కర్మణిలో రాస్తారు. తప్పు కాదు గానీ, ఎవరో పోగొట్టారన్న ధ్వని వస్తుంది. మంచు, పొగ, వాసన, కోపం, అనుమానం, ఉద్రిక్తత: ఇవన్నీ వాటంతటవే డిసిపేట్ అవుతాయి. కోపానికి వాడినప్పుడు ‘చల్లారింది’ అని అనువదించండి, ‘చెదిరింది’ అని కాదు. పొగ పక్క గదిలోకి వెళ్లిందంటే అది డిసిపేట్ కాలేదు, చోటు మారిందంతే.

ఈ క్రియ తన పూర్తి బలంతో కనిపించేది ఇంజినీరింగ్‌లో. 100 ఓముల రెసిస్టర్‌కు, అంటే కరెంటు ప్రవాహాన్ని అడ్డుకునే చిన్న భాగానికి, 12 వోల్టులు ఇచ్చామనుకోండి. 12ను 12తో గుణించి 100తో భాగిస్తే 1.44 వాట్లు. ఆ రెసిస్టర్ 1.44 వాట్లు ‘డిసిపేట్’ చేస్తుందంటాం, అంటే అంత శక్తినీ వేడిగా బయటికి వదులుతుంది. అక్కడ పావు వాటు రెసిస్టర్ పెడితే పైపూత నల్లబడుతుంది, కాలిన వాసన వస్తుంది, విలువ మారిపోయి చివరికి తెగిపోతుంది. లెక్కకు రెట్టింపు ఉండేలా 3 వాట్లది తీసుకుని, కింద గాలి ఆడేలా బోర్డుకు కాస్త ఎత్తులో సోల్డర్ చేయాలి. ఈ వాక్యంలో డిసిపేట్‌ను ‘దుబారా చేస్తుంది’ అని తెలుగు చేస్తే రెసిస్టర్ మీద లేని నింద వేసినట్టే. వేడిని లాగి గాలిలోకి వదిలే లోహపు భాగం, అంటే హీట్ సింక్ విషయంలో అయితే డిసిపేషన్ ఎంత బాగుంటే అంత మెచ్చుకుంటాం.

భౌతికశాస్త్రంలో ఈ మాటకు స్థిరమైన చోటు దొరికింది 1852లో. తర్వాత లార్డ్ కెల్విన్‌గా పేరొందిన విలియం థామ్సన్ ఆ ఏడు యాంత్రిక శక్తి డిసిపేషన్ గురించి ఒక పత్రం వెలువరించారు. శక్తి నశించదు, కానీ మళ్లీ పనికి రాని రూపంలోకి జారిపోతుంది అన్నది అందులోని సారం. తిరుమల ఘాట్ రోడ్డు దిగే బస్సునే తీసుకోండి. బ్రేకు వేసినప్పుడల్లా చలనశక్తి వేడిగా మారి డ్రమ్ముల నుంచి గాలిలో కలుస్తుంది. ఆ వేడినంతా కూడగట్టి బస్సును తిరిగి పైకి ఎక్కించడం సాధ్యం కాదు. పుట్టే వేడి బయటికి పోయే వేడి కంటే ఎక్కువైతే లైనింగ్ పట్టు తప్పుతుంది, పెడల్ ఎంత తొక్కినా బస్సు ఆగదు. అందుకే దిగేటప్పుడు తక్కువ గేరులో ఉండమంటారు: కొంత పని ఇంజను చేస్తే బ్రేకులకు వేడి వదలడానికి వ్యవధి దొరుకుతుంది.

ఇక డబ్బు. తాతల ఆస్తిని ఒకడు ఏళ్ల తరబడి హారతి కర్పూరం చేస్తే అది డిసిపేట్. పెద్ద మొత్తం ఉండాలి, నాలుగు దిక్కులా పోవాలి, చివరికి ఏమీ మిగలకూడదు. క్యాంటీన్‌లో వంద రూపాయలు ఖర్చు పెట్టినవాడికి ఈ మాట చెల్లదు. స్క్వాండర్‌లో తెలివితక్కువతనం మీద నింద బలంగా ఉంటుంది, పైగా డబ్బుకే కాక అవకాశానికీ వాడతారు: చేతికొచ్చిన ఛాన్సును స్క్వాండర్ చేస్తారు, డిసిపేట్ చేయరు. చిల్లర డబ్బు, చిన్న చిన్న సమయం కొంచెం కొంచెంగా పోతే దానికి మాట ‘ఫ్రిటర్ అవే’. వదిలేసిన కుళాయికీ, పళ్లెంలో మిగిల్చిన అన్నానికీ వేస్ట్ ఒక్కటే.

డిసిపేటెడ్ అనే విశేషణం దగ్గర జాగ్రత్త. మనిషికి వాడితే తాగుడు, జూదం, జల్సాల్లో పడి చెడిపోయినవాడని అర్థం. మనసు నిలవక పరధ్యానంగా ఉందని చెప్పడానికి ‘ఐ ఫీల్ డిసిపేటెడ్’ అంటే అవతలివాళ్లు వేరేలా అనుకుంటారు. అక్కడ డిస్ట్రాక్టెడ్ అనాలి.

న్యాయభాషలో ఈ మాట పరిధి వేరు. ఇంగ్లండులో 1975 నాటి మరేవా కేసు పేరుతో వచ్చిన ఉత్తర్వు ఉద్దేశం, తీర్పు వచ్చేలోగా ప్రతివాది ఆస్తులను డిసిపేట్ చేయకుండా ఆపడం. అక్కడ ఖర్చు చేయడమే కాదు, కోర్టుకు అందకుండా తరలించడమూ డిసిపేషనే. అమెరికాలో ఇల్లినాయి రాష్ట్రపు విడాకుల కేసుల్లోనైతే, కాపురం కోలుకోలేని స్థితికి చేరుతున్నప్పుడు భార్యాభర్తల్లో ఒకరు ఉమ్మడి ఆస్తిని కాపురంతో సంబంధం లేని పనికి, తమ ఒక్కరి లాభానికి వాడుకోవడాన్ని అలా అంటారు. అంతకు ముందు చేసిన దుబారా సాధారణంగా ఈ మాట కిందికి రాదు. అక్కడి కేసు కాగితాలు చదువుకునే తెలుగువారు దీన్ని ఉత్త ‘వృథా ఖర్చు’గా అర్థం చేసుకుంటే పొరబడతారు.

చివరగా ఉచ్చారణ, వర్ణక్రమం. రాతలో రెండు ఎస్‌లు, ఒకటే పి. పలికేటప్పుడు మాత్రం ‘డిస్సిపేట్’ అని ఒత్తు పెట్టకండి, సకారం ఒక్కటే. క్రియలో ఊనిక మొదటి ‘డి’ మీద పడుతుంది, నామవాచకం డిసిపేషన్‌లో ‘పే’ మీదికి జరుగుతుంది.