టేట్ మ్యూజియంలో సగానికి పైగా ఒక్కరివే! రాగ్రాఫ్స్ రివ్యూ

నమస్కారం. డేటాను చార్టులుగా గీసిపెట్టే రాగ్రాఫ్స్ అనే సాధనంలో ఎన్ని రకాల చార్టులున్నాయో, ఎలా మొదలుపెట్టాలో మీరు వేరే వీడియోల్లో చూసే ఉంటారు. నేను మాత్రం ట్రీమ్యాప్ గురించే మాట్లాడతాను, అంటే సంఖ్య ఎంత పెద్దదైతే గడి అంత పెద్దగా గీసే చార్టు.

ముందు ఒక మాట. ఈ మధ్య ఒక కంపెనీ తన డేటా సాఫ్ట్‌వేర్‌ను రివ్యూ కోసం మూడు నెలలు ఉచితంగా ఇచ్చింది. మ్యూజియం ఫైలు వేయగానే అది బిగుసుకుపోయింది. విసుగొచ్చి, మిలాన్‌లో తయారైన ఈ ఉచిత సాధనానికే తిరిగి వచ్చాను. దీనికి నాకెవరూ పైసా ఇవ్వలేదు.

ఇదిగో, తెర మీద చూడండి. బ్రిటన్‌లోని టేట్ కళా మ్యూజియం అందరికీ అందుబాటులో ఉంచిన జాబితా ఇది. దాదాపు 69 వేల కళాఖండాలు. కళాకారుడికొక గడి చొప్పున గీయమన్నాను. సగానికి పైగా తెరను ఒకే గడి ఆక్రమించింది! ఇంగ్లిష్ చిత్రకారుడు టర్నర్. ఆయనవే 39 వేలకు పైగా. మొదటిసారి చూసినప్పుడు ఫైలు పాడైందేమోనని మళ్లీ దించుకున్నాను. పాడవలేదు. టర్నర్ 1851లో చనిపోయారు. ఆయన దగ్గర మిగిలినవన్నీ 1856లో దేశానికి దక్కాయి. వాటిలో తైలవర్ణ చిత్రాలు దాదాపు 300. మిగతావి నీటిరంగుల చిత్రాలు, స్కెచ్‌బుక్కుల పేజీలు. ఈ పేజీని దగ్గరగా చూడండి: పెన్సిలుతో గీసిన నాలుగు గీతలు, అంతే. దీనికీ 'డి' అక్షరంతో మొదలయ్యే సొంత నంబరుంది. జాబితాలో ఇదీ ఒక వరుసే, గోడంత కాన్వాసూ ఒక వరుసే. రెండు మ్యూజియాలను లెక్కలతో పోల్చే ముందు దయచేసి ఈ సంగతి చూసుకోండి.

ఇప్పుడు న్యూయార్క్‌లోని ఆధునిక కళా మ్యూజియం, మోమా. 2015లో విడుదల చేసిన జాబితా. ఇక్కడ పెద్ద గడి యూజీన్ ఆట్జేది, పాత పారిస్ వీధులను ఫొటో తీసినాయన. 1968లో మోమా వాళ్లు ఆయన ప్రింట్లు సుమారు 5 వేలు ఒక్క దెబ్బకు కొన్నారు. అవి అన్నాళ్లు భద్రంగా ఉన్నాయంటే ఫొటోగ్రాఫర్ బెరనిస్ ఆబట్ పుణ్యమే. రెండు చోట్లా పెద్ద గడి చెప్పేది అభిరుచి గురించి కాదు, సొత్తు ఏ దారిన వచ్చిందో దాని గురించి. పట్టికను గంటలకొద్దీ కిందికి జరుపుతూ పోయినా నాకిది తట్టలేదు.

ఇక లోపం. గీసిన చార్టు కదలదు. గడిని నొక్కితే చిత్రం తెరుచుకోదు. అదొక్కటే నాకు బాధ. ఫైలు మాత్రం మీ బ్రౌజర్ దాటి బయటికి పోదు.

పదికి తొమ్మిది ఇస్తున్నాను. వచ్చే వీడియోలో టర్నర్‌ను పక్కన పెట్టి మిగతా 30 వేలనూ గీద్దాం.