గంటస్తంభం నుంచి కోట దాకా: పెంకుటిళ్ల వీధుల్లో ఒక నడక

నమస్తే అండీ అందరికీ. ఈసారి కారు లేదు, డ్రోన్ షాట్లు లేవు. నాతో పాటు విజయనగరంలో కాలినడకన తిరుగుదురుగాని. గంటస్తంభం దగ్గర మొదలుపెట్టి, మూడు లాంతర్ల కూడలి మీదుగా కోట చూసుకుని, ఆ తర్వాత వెనక వీధుల్లోకి వెళ్దాం. నేను చూపించాలనుకున్నదంతా ఆ వెనక వీధుల్లోనే ఉంది.

ఇదిగో, గంటస్తంభం. ఎనిమిది పలకల కట్టడం, 1885 నాటిది. చుట్టూ బట్టల కొట్లు ఇంకా షట్టర్లు ఎత్తలేదు, పూలవాళ్లు మాత్రం అప్పుడే బుట్టలు దించేశారు. ఇటు మూడు లాంతర్లు, పైడితల్లి అమ్మవారి చదురుగుడి. దసరా వెళ్లిన మంగళవారం సిరిమాను, అంటే అమ్మవారి పూజారిని కూర్చోబెట్టి ఊరేగించే పొడవాటి మాను, బయల్దేరేది ఇక్కడి నుంచే. కోట దాకా మూడుసార్లు తిరుగుతుంది. ఆ రోజు ఈ దారి పొడవునా మేడల మీద, పిట్టగోడల మీద ఇసకేస్తే రాలనంత జనం. కోట 1713లో కట్టడం మొదలైంది. కోట గురించి వీడియోలు చాలా ఉన్నాయి కాబట్టి ఇక్కడ ఎక్కువసేపు ఆగను. పక్కనే బొంకుల దిబ్బ. కన్యాశుల్కం నాటకం తెర లేచేది ఇక్కడేనని తెలిసినవాళ్లకి చెప్పక్కర్లేదు.

ఇప్పుడు ఈ సందులోకి రండి. వీధి పేరు చెప్పను, ఇక్కడివాళ్ల ఇంటి సంగతులు మాట్లాడబోతున్నాను కాబట్టి.

నా చిన్నప్పుడు ఈ వీధిలో ఇటూ అటూ పెంకుటిళ్లే. ప్రతి ఇంటికీ వీధరుగు, అరుగు దాటితే సావిడి, లోపల మండువా, వెనక పెరట్లో నుయ్యి. ఒక్కో ఇంట్లో మూడు నాలుగు వాటాలు ఉండేవి. ముందు వాటాలో మేష్టారు, పక్క వాటాలో మిల్లులో పనిచేసే ఆయన, పెరటి వైపు గదిలో చదువుకునే కుర్రాళ్లు. ఇప్పుడు లెక్కపెట్టుకుంటూ వెళ్దాం. ఇది అపార్ట్‌మెంట్, ఇది అపార్ట్‌మెంట్, ఇది హాస్టల్, ఈ పచ్చ పరదా కట్టింది కడుతున్నారు, ఇది పెంకుటిల్లే కానీ తాళం. ఆ చివరిది మాదే, దాని దగ్గరికి తర్వాత వెళ్దాం.

ఈ ఇల్లు చూడండి, నిన్ననే ముందు వైపు పెంకు దించారు. బెంగుళూరు పెంకు ఒక పక్క వరసగా పేర్చారు, విరిగింది ఇంకో పక్క కుప్ప పోశారు. వేపచెట్టుకి ఆనించి నిలబెట్టిన ద్వారబంధం దగ్గరికి రండి. టేకు. పై కమ్మీ మీద చెక్కిన పద్మం, దాని రెండు వైపులా చిలకలు. ఎన్ని పండగలకి పసుపు రాశారో, గడప చెక్క పొరల్లోకి ఆ పసుపు దిగిపోయింది, గోటితో గీకితే ఇంకా రంగు అంటుతోంది. నిలువు కమ్మీ మీద సుద్దముక్కతో రేటు రాసేశారు. పాత టేకుకి గిరాకీ బాగా ఉందట. రిసార్టులవాళ్లు, హోటళ్లవాళ్లు కొనుక్కెళ్లి రిసెప్షన్‌లో పెట్టుకుంటున్నారని కూలీల మేస్త్రీ చెప్పాడు. ద్వారబంధానికి కొత్త చోటు దొరుకుతోంది. ఈ ఇంట్లో పెరటి వాటాలో ఉన్న టైలరమ్మకి దొరకలేదు. నన్ను బాధపెట్టేది అదే.

ఆవిడ జాకెట్లు కుడుతుంది. ఈ చుట్టుపక్కల ఆడవాళ్లందరి కొలతలూ ఆవిడ నోట్‌బుక్‌లో ఉంటాయి. నన్ను చూడగానే గుర్తుపట్టి, "ఏటమ్మా, ఎప్పుడొచ్చినావు? అమ్మ బావుందా?" అని అడిగింది. ఇల్లు కూల్చి ఫ్లాట్లు కట్టడానికి బిల్డర్‌కి డెవలప్‌మెంట్‌కి ఇచ్చేశామని చెప్పి, ఓనర్లు ఆవిణ్ణి నెలాఖరుకి ఖాళీ చెయ్యమన్నారట. ఇదే పేటలో రెండు గదులు అడిగితే ఇప్పుడు కడుతున్న అద్దెకి రెండింతల పైన చెబుతున్నారు, పైగా అడ్వాన్సు. దాంతో ఊరి బయట రింగు రోడ్డు అవతల చూసుకుంది. "గదులు బాగానే ఉన్నాయమ్మా, గాలీ వెలుతురూ ఉంది. బేరాలే రావు. జాకెట్టు కోసం అంత దూరం ఆటో కట్టించుకుని ఎవరొస్తారు?" అంది. ఇంతకంటే స్పష్టంగా ఎవరూ చెప్పలేరు. ఆవిడకి పోతున్నది గది ఒక్కటే కాదు, నడిచి వచ్చే ఖాతాదార్లు కూడా పోతున్నారు.

ఊరు పెరగొద్దని నేను అనడం లేదు. 1979లో జిల్లా అయ్యాక ఆఫీసులు వచ్చాయి. 2022లో జేఎన్‌టీయూ గురజాడ యూనివర్సిటీ వచ్చింది, 2023లో ప్రభుత్వ మెడికల్ కాలేజీ వచ్చింది. అటు భోగాపురం ఎయిర్‌పోర్టు మాట మొదలైన దగ్గర్నుంచి స్థలాల రేట్లు ఆగడం లేదు. పిల్లల చదువులకి విశాఖ పరిగెత్తే బాధ కొంత తగ్గింది, అది మంచిదే. పెంకుటింట్లో ఉండటం ఎంత కష్టమో కూడా నాకు తెలుసు. వానాకాలం వస్తే కారని చోటు వెతుక్కుని పక్కలు వేసుకునేవాళ్లం. మా అత్త మోకాళ్ల నొప్పులతో పెరట్లో బాత్రూమ్ దాకా వెళ్లలేక ఏడ్చిన రోజులున్నాయి. లిఫ్ట్ ఉన్న ఫ్లాట్ కావాలని ఆవిడ అడిగితే తప్పేముంది?

కానీ ఈ ఊరికి పేరు తెచ్చింది చవకగా దొరికిన ఆ వాటాలే. అదిగో, సంగీత కళాశాల. 1919లో పెట్టారు, మొదటి ప్రిన్సిపాల్ ఆదిభట్ల నారాయణదాసు గారు. ద్వారం వెంకటస్వామి నాయుడు గారు వయొలిన్ నేర్పింది ఇక్కడే. ఘంటసాల గారు కృష్ణా జిల్లా నుంచి చేతిలో డబ్బు లేకుండా ఇక్కడికి వచ్చారు. పట్రాయని సీతారామశాస్త్రి గారు ఇంట్లో చోటిచ్చి పాఠం చెప్పారు. అన్నానికి ఘంటసాల గారు జోలె పట్టుకుని మధుకరానికి వెళ్లింది ఈ ఊరి వీధుల్లోకే. ఎన్ని గుమ్మాల ముందు నిలబడ్డారో, ఎంతమంది తల్లులు అన్నం పెట్టారో. ఈ రోజు గాత్రం నేర్చుకుందామని ఒక పల్లెటూరి కుర్రాడు వస్తే, కాలేజీకి నడిచి వెళ్లేంత దగ్గరలో వాడికి గది దొరుకుతుందా? నడుస్తున్నంతసేపూ నాకు ఇదే ఆలోచన.

నేనుండేది జెర్సీ సిటీలో. న్యూయార్క్ వెళ్లే రైలు స్టేషన్ పక్కన, నెవార్క్ అవెన్యూ మీద మనవాళ్ల చీరల కొట్లు, పచారీ కొట్లు, టిఫిన్ హోటళ్లు వరసగా ఉంటాయి. స్టేషన్ చుట్టూ ఆకాశమంత టవర్లు లేచాయి, అద్దెలు వాటితో పాటే లేచాయి. అక్కడ అద్దెకున్నదాన్ని నేనే కాబట్టి రెన్యూవల్ కాగితం వచ్చిన ప్రతిసారీ టెన్షన్. ఇక్కడికొస్తే నేను ఓనర్ల పక్షం. ఈ వీధిలో బుక్ అయిన ఫ్లాట్లలో చాలావాటికి డబ్బు డాలర్లలోనే వస్తోంది, తాళం వేసి పెట్టుకోవడానికి. అమెరికాలో అద్దెకున్నవాళ్లకి కావాలనుకునే న్యాయం ఇక్కడి వాటాల్లో ఉన్నవాళ్లకీ కావాలి కదండీ.

ఇదే మా ఇల్లు. అరుగు మీద ఇస్త్రీ పెట్టుకున్నాయన మా తాతగారు ఉన్నప్పటి నుంచీ ఇక్కడే ఉన్నారు. చూడండి, బొగ్గుల పెట్టె ఇంకా అదే, ఇత్తడి పిడి అరిగి సన్నబడిపోయింది. మా బావ ఈ ఇంటిని డెవలప్‌మెంట్‌కి ఇద్దామంటున్నాడు, అత్తకి కింద ఫ్లాట్ వస్తుంది. నేను కాదనలేదు. ఒకటే అడిగాను: కింద రోడ్డు వైపు రెండు చిన్న గదులు కట్టాలి, ఒకటి ఇస్త్రీ తాతకి, ఒకటి టైలరమ్మకి, ఇప్పుడిస్తున్న అద్దెకే ఐదేళ్లు, అది అగ్రిమెంట్‌లోనే ఉండాలి. కట్టినన్నాళ్లూ వాళ్లు ఎక్కడ కూర్చోవాలో కూడా తేల్చాలి. బావ మొదట, "అమ్మీ, నోటిమాట చాలదా?" అన్నాడు. చాలదన్నాను. రేపు ఓనర్ల సంఘం అంటూ ఒకటి వచ్చాక నోటిమాట ఎవరు వింటారు? అత్త నా పక్షాన మాట్లాడాక ఒప్పుకున్నాడు. పార్కింగ్ తగ్గుతుందని బిల్డర్ ఇంకా నసుగుతున్నాడు. ఆదివారం మళ్లీ కూర్చుంటున్నాం.

మీలో ఎవరైనా ఇల్లు డెవలప్‌మెంట్‌కి ఇస్తూ అద్దెకున్నవాళ్ల కోసం ఇలా రాయించి ఉంటే, ఆ కాగితంలో ఏమని రాయించారో, ఫ్లాట్లు చేతులు మారినా ఆ మాట నిలబడేలా ఏం చేశారో ఆదివారంలోగా నాకు చెప్పండి. మా లాయరు గారికి చూపిస్తాను.