అప్పు తీర్చే జకాత్, వడ్డీ అడగని అప్పు

సభలోని పెద్దలకు, సోదర సోదరీమణులకు సలాం, నమస్కారం.

పేదరికం గురించి మాట్లాడేటప్పుడు ఆ ఇంటికి ఆదాయం ఎంత అని అడుగుతాం కానీ అప్పు ఎంత అని అడగం. హైదరాబాదు పాతబస్తీలో తోపుడు బండి మీద పండ్లు అమ్ముకునే మనిషిని చూడండి. తెల్లవారుజామున గిరిగిరి వ్యాపారిని వెయ్యి రూపాయలు అడిగితే, వడ్డీ వంద ముందే పట్టుకుని తొమ్మిది వందలు చేతిలో పెడతాడు. రాత్రికల్లా వెయ్యి కట్టాలి. పండ్లు మిగిలి కుళ్లితే ఆ నష్టమంతా బండివాడిదే, వడ్డీ మాత్రం తగ్గదు. నెలకు ఇరవై ఐదు రోజులు ఇలా అప్పు తెస్తే వడ్డీకే రెండు వేల ఐదు వందలు పోతాయి. తొమ్మిది వందల సొంత పెట్టుబడి ఉంటే ఆ డబ్బంతా ఇంట్లోనే ఉండేది. ఇస్లాం వడ్డీని, అంటే రిబాను, అంత గట్టిగా ఎందుకు నిషేధించిందో నాకు గ్రంథాల కంటే ముందు ఆ బండి దగ్గరే అర్థమైంది.

ఇక జకాత్, అంటే స్తోమత ఉన్న ముస్లిం ఏటా తప్పనిసరిగా ఇవ్వాల్సిన దానం, దాని సంగతి. ఏడున్నర తులాల బంగారం, అంటే పాత తులం లెక్కన 87.48 గ్రాములు, లేదా యాభై రెండున్నర తులాల వెండి, అంటే 612.36 గ్రాములు, వీటి విలువకు సరిపడే సంపద అవసరాలు పోను ఏడాది పాటు చేతిలో నిలిచిన ముస్లిం, నూటికి రెండున్నర చొప్పున ఇవ్వాలి. దాన్ని అందుకోదగిన ఎనిమిది వర్గాలను ఖురాన్ తొమ్మిదో సూరా (అధ్యాయం) అరవయ్యో ఆయత్ (వాక్యం) పేర్కొంది. వాటిలో ఒకటి గారిమీన్, అప్పుల్లో కూరుకుపోయినవారు. ఈ ఒక్క మాటను మనం తగినంత పట్టించుకోలేదని నా అభిప్రాయం. నాలుగు లక్షల మీద జకాత్ పది వేలు. రంజాన్ నెలలో వాకిట్లోకి వచ్చిన వంద మందికి వంద చొప్పున పంచితే వంద ఇళ్లలో ఒక పూట గడుస్తుంది. అది చిన్న విషయమని అనను, ఆకలి ఆగదు కదా. అయితే అదే పది వేలతో ఒక కుటుంబం గిరిగిరి అప్పు పూర్తిగా తీరిస్తే, మర్నాటి నుంచి ఆ ఇంటి సంపాదన ఆ ఇంటిదవుతుంది.

అప్పు తీరిన మనిషికి తర్వాత కావలసింది పెట్టుబడి. ఇచ్చినంతే తిరిగి తీసుకునే వడ్డీ లేని అప్పు, ఖర్జె హసనా, అక్కడ పనికొస్తుంది. 1963లో ఈజిప్టులోని నైలు డెల్టాలో, మీత్ గమ్ర్ అనే పట్టణంలో, జర్మనీలో పొదుపు బ్యాంకుల పనితీరు చూసి వచ్చిన ఆర్థికవేత్త అహ్మద్ అల్ నజ్జార్ వడ్డీ లేని పొదుపు బ్యాంకు తెరిచారు. బ్యాంకు గడప తొక్కని రైతులు అందులో దాచుకున్నారు, అప్పులు తీసుకున్నారు. ఆ ప్రయోగం నాలుగైదేళ్లకు మించి సాగలేదు కానీ దారి చూపింది. 2001లో లాహోరులో డాక్టర్ అమ్జద్ సాకిబ్ మొదలుపెట్టిన వడ్డీ లేని అప్పుల సంస్థ అఖువత్ ఇచ్చిన తొలి అప్పు పది వేల రూపాయలు, అదీ ఒక వితంతువుకు. ఆ సంస్థ మసీదుల్లోనూ చర్చిల్లోనూ అందరి ఎదుట అప్పులు పంచుతుంది. ఆయనకు 2021లో మెగసెసే పురస్కారం దక్కింది. మన దగ్గర 2010 అక్టోబరులో మైక్రోఫైనాన్స్ సంస్థల మీద ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆర్డినెన్సు తేవలసి వచ్చిన రోజులను, ఒక వారం వాయిదా కట్టడానికి మరోచోట అప్పు చేసిన మహిళలను గుర్తుచేసుకుంటే ఈ తేడా తెలుస్తుంది.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. తినడానికి లేనివాడికి అప్పు ఇవ్వకూడదు, వడ్డీ లేకపోయినా సరే; అతనికి జకాత్ ఇవ్వాలి, తిరిగి అడగకూడదు. జకాత్ సొమ్ము అందుకున్నవాడి సొంతం కావాలన్నది ఉలమాలలో, అంటే మత పండితులలో, చాలామంది మాట కనుక, దాన్ని అప్పుల నిధిగా తిప్పకుండా ఆ నిధిని సదఖాతో, అంటే ఇష్టపూర్వకంగా ఇచ్చే దానంతో, దాతలు దాచిన డబ్బుతో విడిగా నడపాలి. అలా నడిపితే మతంతో పని లేకుండా ఎవరికైనా అప్పు ఇవ్వవచ్చు.

ఇస్లామిక్ ఫైనాన్స్ అంటే చాలామందికి గల్ఫ్ బ్యాంకులు, వడ్డీ బాండ్లకు బదులుగా వాడే సుకూక్ పత్రాలు గుర్తొస్తాయి. ఇళ్లకూ కార్లకూ పెద్ద ప్రాజెక్టులకూ అవి ఉపయోగపడుతున్నాయి కానీ తోపుడు బండి దాకా రాలేదు. మన దేశంలో 2008లో రఘురామ్ రాజన్ కమిటీ వడ్డీ లేని బ్యాంకింగును పరిశీలించమని సిఫారసు చేసినా, ఆ ప్రతిపాదనను ముందుకు తీసుకెళ్లబోమని 2017లో రిజర్వు బ్యాంకు తేల్చింది. కాబట్టి ప్రస్తుతానికి మిగిలింది సహకార సంఘాలు, మొహల్లా బైతుల్‌మాల్‌లు, అంటే వాడవాళ్లు కలిసి నడిపే సహాయ నిధులు. హలాల్ లాభాలని ఆశపెట్టి సొమ్ము సేకరించేవారికి, వీటికి సంబంధం లేదు. బైతుల్‌మాల్ ఎవరికీ లాభం ఇస్తామని చెప్పదు, చెప్పకూడదు.

వడ్డీ లేకపోతే గుమాస్తా జీతం, గది అద్దె ఎవరు కట్టాలని అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. దానికి దారి వక్ఫ్, అంటే ధార్మిక పనులకు శాశ్వతంగా అంకితం చేసిన ఆస్తులు. ముస్లింల స్థితిగతులపై 2006లో వచ్చిన సచార్ కమిటీ నివేదిక ప్రకారం అప్పటికి దేశంలో 4.9 లక్షల వక్ఫ్ ఆస్తులు నమోదై ఉన్నాయి, వాటి ఏడాది ఆదాయం సుమారు 163 కోట్లు మాత్రమే. మార్కెట్టు రేటున వాటి విలువ 1.2 లక్షల కోట్లని, సరిగా వాడితే ఏటా 12 వేల కోట్లు రావచ్చని కమిటీ లెక్క కట్టింది. ఒక మొహల్లాలో రెండు వక్ఫ్ దుకాణాలకు బజారు రేటున అద్దె వసూలు చేసి ఆ గుమాస్తాకు జీతమిస్తే, జకాత్ పైసా తరగకుండా అప్పుల్లో ఉన్నవారికి చేరుతుంది, బండివాడికి ఇచ్చిన తొమ్మిది వందలకు తొమ్మిది వందలే తిరిగి వస్తాయి.