స్ప్రింక్లర్ నీళ్లు వంటింటి కుళాయిలోకి ఎలా వస్తాయి?

అందరికీ నమస్కారం. అపార్ట్‌మెంట్ సంఘాల వాళ్లే ఎక్కువమంది వచ్చారు కాబట్టి సూటిగా అడుగుతాను. మీ బిల్డింగ్‌లో మంటలార్పే స్ప్రింక్లర్ లైను డ్రెయిన్ వాల్వ్ ఎప్పుడైనా తిప్పి చూశారా? మొదట వచ్చే నీళ్లు చాలాసార్లు నల్లగా, కుళ్లిన కోడిగుడ్డు కంపు కొడుతూ ఉంటాయి. ఏళ్ల తరబడి ఇనుప పైపులో కదలకుండా ఉన్న నీళ్లు మరి, తుప్పు, పైపులకి మరలు కోసినప్పుడు వాడిన ఆయిల్, బ్యాక్టీరియా అన్నీ అందులోనే. మంట ఆర్పడానికి అవి చాలు. ఎక్కడో ఒకచోట ఇంటి లైనుతో కలిశాయంటేనే టెన్షన్.

వెనక్కి ఎందుకొస్తాయంటే, ఫైర్ పంపు ఆన్ అయినప్పుడు ఆ లైన్లో ప్రెషర్ ఇంటి లైను కన్నా చాలా ఎక్కువ, సందు దొరికితే తోసుకొచ్చేస్తుంది. లేదా ఇటువైపు ప్రెషర్ పడిపోయి పైపే పీల్చుకుంటుంది. 1969లో అమెరికాలోని వూస్టర్‌లో ఇదే జరిగింది. దగ్గర్లో మంటలంటుకుని ఫైరింజన్లు నీళ్లు లాగేసరికి మెయిన్‌లో ప్రెషర్ పడిపోయింది, హోలీ క్రాస్ కాలేజీ మైదానంలో గడ్డి తడిపే గుంటలోని కలుషిత నీళ్లు తాగే లైన్లోకి వెళ్లాయి. ఫుట్‌బాల్ జట్టులో 97 మందికి గాను 90 మందికి హెపటైటిస్, రెండు మ్యాచ్‌లతోనే సీజన్ రద్దు. అక్కడ స్ప్రింక్లర్ లేదు, కానీ పీల్చిన తీరు ఇదే. ఇంకోటి, మీ గేటు దగ్గర ఎర్రటి ఫైర్ బ్రిగేడ్ ఇన్‌లెట్ ఉంటుంది చూడండి, మంటలప్పుడు వాళ్లు అందులోకి చెరువు నీళ్లైనా ఎక్కిస్తారు, ఎక్కించాలి కూడా.

“మాకు ఎన్‌ఆర్‌వీ ఉందండీ” అంటారు అందరూ. ఎన్‌ఆర్‌వీ అంటే నీళ్లని ఒకవైపే పోనిచ్చే వాల్వ్. ఒక్క ఎన్‌ఆర్‌వీ ఫ్లాప్ కింద చిన్న ఇసుక రేణువు ఇరుక్కున్నా నీళ్లు పాస్ అవుతాయి, బయటికి తెలియదు. డబుల్ చెక్ వాల్వ్ అసెంబ్లీలో విడివిడిగా పనిచేసే అలాంటి వాల్వులే రెండుంటాయి, గేజ్ పెట్టి పరీక్షించడానికి నాలుగు చిన్న కుళాయిలుంటాయి. అమెరికాలో చాలా ఊళ్లలో ఏడాదికోసారి ఆ టెస్ట్ తప్పనిసరి. లైన్లో యాంటీఫ్రీజ్ లాంటి రసాయనం ఉంటే ఇంకా గట్టిదైన ఆర్‌పీజెడ్ అనే వాల్వ్ పెడతారు, అది లీకైన నీటిని మధ్యలోనే బయటికి వదిలేస్తుంది. అక్కడ సొంతిల్లు కట్టుకుంటున్న మన పిల్లలు కొన్నిచోట్ల స్ప్రింక్లర్‌కీ కుళాయికీ ఒకే పైపు అని కంగారుపడుతుంటారు. ఆ పైపు తాగునీటి రకమే, చివర ఫ్లష్ ట్యాంకుకో కుళాయికో కలుపుతారు కాబట్టి నీళ్లు కదులుతూనే ఉంటాయి. అది వేరే పద్ధతి, భయం లేదు.

మన దగ్గర చవకైన మందు గాలి సందు, అంటే పైపు మూతికీ నీళ్లకీ మధ్య ఖాళీ. ట్యాంకులోకి నీళ్లు పడే పైపు మూతి, ఓవర్‌ఫ్లో మట్టం కన్నా కనీసం పైపు వ్యాసానికి రెండింతల ఎత్తులో ఉండాలి, అంటే 50 మి.మీ. పైపైతే 100 మి.మీ. పైన.

అయితే చాలా చోట్ల ముందు ఫైర్ సంపు నిండి, అది పొంగి ఇంటి సంపులో పడేలా కడతారు. మంచి ఏర్పాటే, ఫైర్ సంపు ఎప్పుడూ నిండుగా ఉంటుంది, నీళ్లు నిలవ పడవు. కానీ ఫైర్ పంపు టెస్ట్ లైన్ని కూడా తెచ్చి అదే సంపులో వదులుతారు! టెస్ట్ చేసిన రోజు పైపులోని పాత నీళ్లు దాంట్లో పడి, అక్కడినుంచి పొంగి మీ ఇంటి నీళ్లలో కలుస్తాయి. ఎన్ని వాల్వులున్నా దీన్ని ఆపలేవు. ఆ లైన్ని బయట డ్రెయిన్‌కి తిప్పండి.

ఇక వేసవిలో నీళ్లకి కటకటైతే రాత్రికి రాత్రి ప్లంబర్‌తో ఫైర్ లైనుకీ ఇంటి లైనుకీ మధ్య ముక్క పైపు కలిపించేస్తారు, వానలొచ్చాక “గేట్ వాల్వ్ కట్టేశాం కదా” అని అలాగే వదిలేస్తారు. పాత గేట్ వాల్వ్ కారకుండా ఉంటుందని ఎవరూ హామీ ఇవ్వలేరు. ఆ ముక్క కోసేసి రెండు వైపులా ఎండ్ క్యాప్ బిగించండి.

చివరిగా ఒకటి, ఇదంతా విని రేపే వెళ్లి ఉన్న లైన్లో ఈ వాల్వ్ అసెంబ్లీలు బిగించెయ్యకండి. ఆర్‌పీజెడ్ ఒక్కటే పది పీఎస్‌ఐ దాకా ప్రెషర్ తినేస్తుంది, అంటే నీళ్లని దాదాపు ఏడు మీటర్ల ఎత్తు, రెండంతస్తులు ఎక్కించేంత ప్రెషర్. పంపు లెక్క చూడకుండా పెడితే పై అంతస్తు స్ప్రింక్లర్‌కి నీళ్లు చాలకపోవచ్చు. డిజైన్ చేసినవాళ్లతో లెక్క మళ్లీ వేయించాకే ఆర్డర్ ఇవ్వండి. ఇప్పుడు మీ ప్రశ్నలు అడగండి.