ప్యాచ్ వేశారు సరే, ఆ లాగిన్ పేజీ బయట ఎందుకుంది?

నమస్తే అందరికీ, అనంతపురం నుంచి మాట్లాడుతున్నా. ఈ వీడియోకి కారణం కడప నుంచి వచ్చిన ఒక మెసేజ్. అక్కడ ఒక ఇంజినీరింగ్ కాలేజీలో సిస్టమ్ అడ్మిన్‌గా చేస్తున్న తమ్ముడు రాశాడు. "అన్నా, మా ఫైర్‌వాల్ మేనేజ్‌మెంట్ పేజీలో ఏదో క్రిటికల్ రిమోట్ కోడ్ ఎగ్జిక్యూషన్ బగ్ అంటున్నారు, బెంగళూరు వెండర్ ప్యాచ్ వేసేశామని మెయిల్ పెట్టాడు, ఇంక టెన్షన్ లేదు కదా?" అని.

ఉంది తమ్ముడూ. ప్యాచ్ అంటే ఆ బగ్‌ని సరిచేసే అప్‌డేట్, మేనేజ్‌మెంట్ పేజీ అంటే ఫైర్‌వాల్‌ని సెట్ చేసుకోవడానికి లాగిన్ అయ్యే పేజీ. ఎందుకుందో చెప్పాలంటే కాస్త వెనక్కి వెళ్లాలి.

ముందు ఆ పేరు సంగతి. రిమోట్ కోడ్ ఎగ్జిక్యూషన్ అంటే ఎక్కడో కూర్చున్నవాడు మీ పెట్టె మీద తనకు కావాల్సిన కమాండ్ నడపగలడు, అంతే. దానికి పాస్‌వర్డ్ కూడా అక్కర్లేదంటే అప్పుడు దాన్ని క్రిటికల్ అంటారు. అదే మామూలు డెస్క్‌టాప్ అయితే ఫార్మాట్ కొట్టి మళ్లీ విండోస్ వేసుకుంటాం. ఫైర్‌వాల్ (ట్రాఫిక్‌ని వడకట్టే పెట్టె), లోడ్ బాలెన్సర్ (ట్రాఫిక్‌ని సర్వర్ల మధ్య పంచే పెట్టె) అలా కాదు. కాలేజీలో ఉన్న ప్రతి సిస్టమ్ ట్రాఫిక్ దాని గుండానే పోవాలి, వీపీఎన్ (బయట ఉన్నవాళ్లు లోపలి నెట్‌వర్క్‌లోకి వచ్చే భద్రమైన దారి) పాస్‌వర్డ్‌లు దాని దగ్గరే ఉంటాయి, సర్టిఫికెట్ల ప్రైవేట్ కీలు దాని దగ్గరే ఉంటాయి. దాన్ని పట్టుకున్నవాడు ఇంక లోపల ఒక్కో కంప్యూటర్‌తో కుస్తీ పట్టాల్సిన పని లేదు.

ఇప్పుడు అసలు కథ. 2020 జూన్ నెలాఖరులో ఎఫ్5 అనే అమెరికా కంపెనీ తన బిగ్-ఐపీ అనే లోడ్ బాలెన్సర్ పెట్టెలలో ఒక లోపం ఉందని చెప్పింది, దాని నంబరు సీవీఈ-2020-5902 (బయటపడిన ప్రతి లోపానికీ ఇలా ఒక సీవీఈ నంబరు ఇస్తారు). కనిపెట్టింది పాజిటివ్ టెక్నాలజీస్ అనే సెక్యూరిటీ కంపెనీలో పనిచేసే పరిశోధకుడు. లోపం ఎక్కడంటే, ఆ పెట్టెను సెట్ చేసుకోవడానికి బ్రౌజర్‌లో తెరిచే పేజీ ఉంటుంది కదా, టీఎంయూఐ అంటారు, అందులో. మీరు ఏదో మహా క్లిష్టమైన హ్యాకింగ్ అనుకుంటారు. కాదు. యూఆర్‌ఎల్‌లో రెండు చుక్కలు, ఒక సెమికోలన్.

ఇది ఎలా పనిచేస్తుందో నిదానంగా చెప్తా, ఎందుకంటే ఈ వీడియోలో నాకు అన్నిటికంటే ఆసక్తి ఉన్న భాగం ఇదే. ఆ పెట్టెలో రెండు సర్వర్లు ఉంటాయి, ముందు అపాచీ, దాని వెనక టామ్‌క్యాట్. లాగిన్ అయ్యావా లేదా అని చూసేది ముందున్న అపాచీ. పని చేసేది వెనకున్న టామ్‌క్యాట్. ఇప్పుడు సోమవారం కలెక్టరేట్ ఊహించుకోండి. గ్రీవెన్స్ కౌంటర్‌కి వచ్చేవాళ్లను గేటు దగ్గర ఎవరూ ఆపరు, అర్జీ ఇచ్చేదానికి ఎవరైనా రావచ్చు. ఒకడు చీటీ పట్టుకొచ్చాడు. దాంట్లో 'గ్రీవెన్స్ కౌంటర్‌కి, అక్కడి నుంచి వెనక్కి తిరిగి రికార్డు రూముకి' అని రాసుంది. గేటు దగ్గర వాచ్‌మన్ మొదటి రెండు మాటలు చదివి పోనిచ్చాడు. లోపలున్న అటెండరు చీటీ మొత్తం చదివి, గేటు దాటొచ్చాడంటే అక్కడ చూసే ఉంటారులే అని నేరుగా రికార్డు రూములోకి తీసుకుపోయాడు. ఇద్దరిలో ఎవరూ తప్పు చేసినట్టు అనుకోరు. అపాచీకి ఆ సెమికోలన్ పక్కన చుక్కలు మామూలు అక్షరాలు, కాబట్టి అడ్రస్ లాగిన్ పేజీతో మొదలైంది అని వదిలేసింది. లాగిన్ పేజీకి లాగిన్ అడగరు కదా. టామ్‌క్యాట్‌కి మాత్రం సెమికోలన్ అంటే వేరే అర్థం, దాన్ని తీసేసి చూస్తే మిగిలింది రెండు చుక్కలు, అంటే ఒక మెట్టు వెనక్కి. అట్లా లాగిన్ లేకుండా అడ్మిన్ పేజీల్లోకి.

ఆ లోపం బయటికి వచ్చింది సరిగ్గా అమెరికాలో జులై 4 సెలవుల ముందు. యూఎస్ సైబర్ కమాండ్ జులై 3న ట్వీట్ పెట్టి, ఈ ప్యాచ్‌ని వీకెండ్ అయ్యాక చూద్దాంలే అనుకోవద్దు అని చెప్పాల్సి వచ్చింది. ఆ వీకెండ్‌లోనే దాడులు మొదలయ్యాయి. ఇంకో సంగతి, ప్యాచ్ వెంటనే వేయలేనివాళ్లకి కంపెనీ ఒక తాత్కాలిక సెట్టింగ్ ఇచ్చింది, ఆ చుక్కల్ని ఆపే రూలు. కొద్ది రోజులకే దాన్ని కూడా దాటే దారి దొరికింది, రూలు మళ్లీ మార్చాల్సి వచ్చింది.

సరే, ఒకసారి జరిగింది, సర్దుకున్నారు అనుకుందాం. 2022 మే 4న అదే పెట్టెలలో ఇంకొకటి, సీవీఈ-2022-1388, తీవ్రత స్కోరు 10కి 9.8. ఈసారి ఐకంట్రోల్ రెస్ట్ అనే ఏపీఐలో, అంటే వేరే ప్రోగ్రాములు పెట్టెకి ఆదేశాలిచ్చే దారిలో. ఇక్కడా ముందొక సర్వర్, వెనకొక సర్వర్. రిక్వెస్ట్‌తో పాటు వెళ్లే చిన్న వివరాలని హెడర్లు అంటారు, వాటిలో టోకెన్ (ముందే లాగిన్ అయ్యానని చూపే చీటీ) హెడర్ ఉంటే ముందున్న అపాచీ దాన్ని తాను సరిచూడదు, వెనకవాడు చూస్తాడులే అని పంపేస్తుంది. అయితే హెచ్‌టీటీపీలో కనెక్షన్ అనే ఒక హెడర్ ఉంది, అందులో ఏ పేరు రాస్తే ఆ హెడర్‌ని మధ్యలో తీసేసి పంపాలి, అది ప్రోటోకాల్‌లో ఉన్న రూలే. దాంట్లో టోకెన్ పేరు రాశారనుకోండి, ముందువాడు టోకెన్ ఉంది కదా అని వదిలాడు, దారిలో టోకెన్ పోయింది, వెనకవాడు టోకెన్ లేదు కాబట్టి ముందువాడు పాస్‌వర్డ్ చూసే ఉంటాడులే అనుకుని అడ్మిన్ అన్న పేరు ఒక్కటి చూసి పని చేసేశాడు. అదీ రూట్, అంటే పెట్టె మీద పూర్తి అధికారంతో. కొన్ని రోజుల్లోనే ఎక్స్‌ప్లాయిట్‌లు (ఆ లోపాన్ని వాడుకునే ప్రోగ్రాములు) బహిరంగంగా తిరిగాయి. దొంగతనం కూడా కాదు, కొందరైతే పెట్టెలో ఉన్న ఫైళ్లన్నీ తుడిచేసే కమాండ్ ఇచ్చి పోయారు. దాంట్లో వాళ్లకేం లాభమో నాకైతే అర్థం కాదు.

అప్పుడు కంపెనీ 13 నుంచి 16 వరకు వెర్షన్లకి ప్యాచ్ ఇచ్చింది. 11, 12 వెర్షన్లలో కూడా లోపం ఉంది, కానీ వాటికి ప్యాచ్ రాదని చెప్పేసింది. పాత పెట్టె నడుస్తోంది కదా ఎందుకు మార్చాలి అనే మేనేజ్‌మెంట్‌లు మన దగ్గర ఎన్ని ఉన్నాయో మీకు నేను చెప్పక్కర్లేదు.

ఇదంతా ఒక కంపెనీ దరిద్రం అనుకుంటున్నారా? 2024 నవంబర్‌లో పాలో ఆల్టో ఫైర్‌వాల్స్‌లో సీవీఈ-2024-0012 వచ్చింది. దాంట్లో అయితే లోపల లాగిన్ చెక్ చేయాలా వద్దా అని ముందు సర్వర్ వెనక సర్వర్‌కి చెప్పే ఒక హెడర్ ఉంది, దాని విలువ ఆన్ లేదా ఆఫ్. బయటినుంచి వచ్చినవాడు తనే ఆఫ్ అని రాసి పంపితే, ఆఫ్. నేను అది చదివినప్పుడు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. సెక్యూరిటీ అమ్మే కంపెనీ అప్పా అది! దాన్ని సరిచేసి మూడు నెలలు కాలేదు, 2025 ఫిబ్రవరిలో అదే మేనేజ్‌మెంట్ పేజీలో సీవీఈ-2025-0108. కారణం మళ్లీ అదే, ముందున్న ఎన్‌జిన్‌ఎక్స్ సర్వర్ ఒక రకంగా అడ్రస్ చదువుతుంది, వెనకున్న అపాచీ ఇంకో రకంగా చదువుతుంది.

అందుకే తమ్ముడూ, నీ ప్రశ్నకి నా జవాబు ఇది. ఈ పేజీలు పాతకాలంలో ఒక ముక్క, తర్వాత ఒక ముక్క అతికించి కట్టినవి, ముందువాడికి వెనకవాడికి మాట కుదరని చోట్లు వాటిలో ఇంకా ఉంటాయి. మొన్నటి లోపానికి ప్యాచ్ పడింది, రేపటి దానికి పడలేదు. పడేలోగా మీ లాగిన్ పేజీ ఇంటర్నెట్ మీద తెరుచుకుని ఉంటే, మీరు ఎంత శ్రద్ధగా అప్‌డేట్ చేసే మనిషైనా లాభం లేదు. ఆ పేజీ బయటికి కనపడకూడదు. ఇది నా సొంత థియరీ కాదు, 2023 జూన్‌లో అమెరికా ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సీసా అక్కడి ఫెడరల్ ఆఫీసులకి ఏకంగా ఆదేశమే ఇచ్చింది, మేనేజ్‌మెంట్ పేజీ ఇంటర్నెట్‌లో కనపడిందని తెలిసిన 14 రోజుల్లో దాన్ని బయట నుంచి తీసేయండి, లేదంటే ముందు గట్టి కాపలా పెట్టండి అని. ఏ బగ్ గురించో కాదు ఆ ఆదేశం. బగ్ ఉన్నా లేకున్నా తీసేయమని.

మరి మన దగ్గర అది ఎందుకు తెరిచి ఉంటుంది? ఇది ఎవరూ మాట్లాడరు. కాలేజీ కడపలో, వెండర్ బెంగళూరులో. లేకపోతే హాస్పిటల్ కర్నూలులో, వెండర్ హైదరాబాదులో. చిన్న రూలు మార్చాలన్నా ఇంజినీరు బస్సెక్కి రావాలి, రానూపోనూ ఒక రోజు గోవిందా, దానికి డబ్బు ఎవరివ్వాలి అని ఇద్దరి మధ్య లొల్లి. అందుకని బిగించిన రోజే మేనేజ్‌మెంట్ పేజీని స్టాటిక్ ఐపీ (మారని ఇంటర్నెట్ అడ్రస్) మీద బయటికి తెరిచి, పోర్టు, అంటే ఆ అడ్రస్‌లో తలుపు నంబరు, 443ని 4443గానో 8443గానో మార్చి, ఇంక సేఫ్ సార్ అని చెప్పి పోతాడు. వెండర్‌ని పూర్తిగా తప్పుపట్టను, అతనికి ఆ రేటుకి మనిషిని పంపడం గిట్టదు, మనం కూడా ఫోన్ చేసిన పది నిమిషాల్లో పని కావాలంటాం. కానీ ఆ సౌకర్యం ఇద్దరిది, పోతే పోయేది మాత్రం కాలేజీ డేటా.

ఇంకొకటి వింటూ ఉంటా, "కడపలో ఉన్న మనల్ని ఎవడు చూస్తాడు సార్, మన దగ్గర ఏముంది" అని. ఎవడూ కడపను వెతుక్కుంటూ రాడు. జీమ్యాప్ అనే టూల్ 2013లోనే, గిగాబిట్ కనెక్షన్ ఉంటే మొత్తం ఐపీవీ4 అడ్రస్‌లని 45 నిమిషాల లోపు తిరిగేస్తానని చూపించింది. షోడాన్ లాంటి సైట్లు ఏ ఐపీ మీద ఏ లాగిన్ పేజీ ఉందో ముందే రాసిపెట్టుకుంటాయి. లోపం బయటికి వచ్చిన రోజు దాడి చేసేవాడి చేతిలో ఉండేది ఒక పొడుగాటి ఐపీ లిస్టు. దాంట్లో ఏది న్యూయార్క్ బ్యాంకు, ఏది ఎర్రగుంట్ల ఆఫీసు అని వాడి స్క్రిప్టు చూడదు.

ప్యాచ్ గురించి ఇంకొక మాట, ఇది నిజంగా ముఖ్యం. ప్యాచ్ దారి మూస్తుంది, అంతకుముందే లోపలికి వచ్చినవాణ్ని బయటికి పంపదు. లోపం బయటపడిన రోజుకీ మీ వెండర్ ప్యాచ్ వేసిన రోజుకీ మధ్య ఎన్ని రోజులు? ఆ మెయిల్‌లో ఉండాల్సింది అది. ఆ రోజుల్లో కొత్త అడ్మిన్ యూజర్ ఎవరైనా పుట్టారా, క్రాన్‌లో (టైం ప్రకారం వాటంతటవే నడిచే పనుల లిస్టు) తెలియని జాబ్ ఉందా, పెట్టె ఎప్పుడూ మాట్లాడని ఐపీలతో మాట్లాడిందా చూడాలి. అనుమానం ఉంటే అడ్మిన్ పాస్‌వర్డ్‌తో సరిపెట్టొద్దు, వీపీఎన్ పాస్‌వర్డ్‌లు, డొమైన్‌కి కనెక్ట్ అయ్యే సర్వీస్ అకౌంట్, సర్టిఫికెట్ కీలు అన్నీ మార్చాలి. ఇక్కడ లాగ్‌లు, అంటే పెట్టెలో ఏం జరిగిందో రాసుకునే రికార్డులు, లేకపోతే మీరు గుడ్డిగా ఊహించాల్సిందే. 2022 ఏప్రిల్ 28న మన కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ ఇచ్చిన ఆదేశాల ప్రకారం లాగ్‌లు 180 రోజులు ఉంచాలి, ఇలాంటి సంఘటన తెలిసిన 6 గంటల్లో వాళ్లకి రిపోర్ట్ చేయాలి. చాలా ఫైర్‌వాల్స్‌లో లోపలున్న స్టోరేజీకి అన్ని రోజులు పట్టవు, కాబట్టి ఒక పాత సర్వర్ మీద లైనక్స్ వేసి సిస్‌లాగ్ అనే పద్ధతిలో లాగ్‌లు అక్కడికి పంపించండి. ఖర్చు దాదాపు ఏమీ లేదు. అదీగాక, పెట్టెలోకి దూరినవాడు పెట్టెలో ఉన్న లాగ్‌నే తుడిపేస్తాడు.

ఏఎంసీ, అంటే ఏడాది మెయింటెనెన్స్ కాంట్రాక్టు, అయిపోయినవాళ్ల బాధ వేరు. కాంట్రాక్టు లేకపోతే చాలా కంపెనీల సైట్లలో అప్‌డేట్ ఫైలు డౌన్‌లోడ్ కూడా కాదు. బిగ్-ఐపీలో అయితే సర్వీస్ చెక్ డేట్ అని లైసెన్స్‌లోనే ఉంటుంది, అది పాతదైతే కొత్త వెర్షన్ ఎక్కించినా కాన్ఫిగరేషన్ లోడ్ కాదు, ఎక్కించి పెట్టెను ఆపుకుంటారు. అలాంటివాళ్లకి పేజీని బయట నుంచి తీసేయడం ఒక్కటే చేతిలో ఉన్న పని, దానికి లైసెన్స్ అక్కర్లేదు.

చేయడం ఎలా అంటే, మేనేజ్‌మెంట్ పోర్టుని వేరే వీల్యాన్‌లో, అంటే మిగతా నెట్‌వర్క్ నుంచి విడదీసిన భాగంలో పెట్టండి, ఆ వీల్యాన్‌లోకి మీ అడ్మిన్ సిస్టమ్ ఒక్కదానికే దారి ఇవ్వండి. బిగ్-ఐపీ అయితే సెల్ఫ్ ఐపీ (నెట్‌వర్క్‌లో పెట్టెకున్న సొంత అడ్రస్) సెట్టింగ్‌లో పోర్ట్ లాక్‌డౌన్ చూడండి, అలౌ డిఫాల్ట్ అని ఉంటే 443, 22 రెండూ తెరిచి ఉన్నట్టే, అలౌ నన్ చేయండి. వెండర్ దూరం నుంచే రావాలి అంటారా, రానీయండి, వీపీఎన్ ఇవ్వండి, ఓటీపీ పెట్టండి, అతని పని ఉన్న రోజు ఆన్ చేసి తర్వాత ఆఫ్ చేయండి. అయితే ఆ వీపీఎన్ కూడా అదే ఫైర్‌వాల్ మీద నడుస్తుంటే దాంట్లోనూ లోపాలు వస్తుంటాయి, కాబట్టి ఆ అప్‌డేట్ వదిలేయొద్దు. వెండర్ ఒప్పుకోకపోతే అతని ఆఫీసు స్టాటిక్ ఐపీ అడిగి, ఆ ఒక్క ఐపీకే తెరవండి. ఇది వీపీఎన్ అంత మంచిది కాదు, కానీ ప్రపంచానికంతా తెరిచినదానితో పోలిస్తే ఎంతో నయం.

ఇదంతా చేశాక వెండర్ మాట మీద వదిలేయొద్దు, మీరే చూసుకోండి. ఫోన్‌లో వైఫై ఆపి, మొబైల్ డేటా మీద బ్రౌజర్ తెరిచి మీ కాలేజీ స్టాటిక్ ఐపీ కొట్టండి. మామూలుగా ఒకసారి, చివర కోలన్, 4443 పెట్టి ఒకసారి, 8443, 10443 పెట్టి ఒకసారి. మీ కాలేజీ ఐపీ మీదే, అదీ ప్రిన్సిపాల్‌కో మీ హెచ్‌ఓడీకో చెప్పి చేయండి. పక్క కాలేజీది తెరిచి ఉందేమో చూద్దాం అని సరదాకి పోతే ఐటీ చట్టం 43, 66 సెక్షన్లు ఉన్నాయి. ఏ పోర్టు మీదైనా ఆ లాగిన్ బాక్స్ కనపడిందా, స్క్రీన్‌షాట్ తీసి వెండర్ పెట్టిన "ప్యాచ్ వేసేశాం" మెయిల్‌కే రిప్లైగా పంపు తమ్ముడూ. ఏం జవాబిచ్చాడో నాకు రాయి.