జబ్బు ఒకటి, వైద్యం మరొకటి: కట్టిన డబ్బు తిరిగి అడగవచ్చా?

(తెరపై: శ్రీకాకుళం బస్టాండు. ఎక్స్‌రే కవరు ఒళ్లో పెట్టుకుని విశాఖ బస్సు కోసం చూస్తున్న తల్లీకొడుకులు.)

నమస్కారం. ఒక ఇంటి సంగతి ఊహించండి. టెక్కలి దగ్గర ఊరు. తల్లికి చలిజ్వరం. ప్రైవేటు ఆసుపత్రిలో టైఫాయిడ్ అన్నారు, పది రోజులు సెలైన్లు పెట్టారు. తగ్గక విశాఖ తీసుకెళ్తే అక్కడ రక్తపరీక్షలో మలేరియా అని తేలింది. అప్పటికే మెడలో పుస్తెలు తాకట్టుకు వెళ్లాయి. మొదటి ఆసుపత్రికి కట్టిన డబ్బు అడిగే హక్కు వీళ్లకు ఉందా?

ఉంది. డబ్బు తీసుకుని చేసే వైద్యం వినియోగదారుల చట్టం కిందికి వస్తుందని 1995లోనే సుప్రీంకోర్టు చెప్పింది. అందరికీ పూర్తిగా ఉచితంగా చూసే ప్రభుత్వ ఆసుపత్రికి మాత్రం ఇది వర్తించదు.

అయితే ఒక మాట ముందే చెప్పాలి. జబ్బును తప్పుగా గుర్తించినంత మాత్రాన అది నిర్లక్ష్యం కాదు. మంచి వైద్యుడూ ఒక్కోసారి పొరబడతాడు. చలితో జ్వరం వస్తుంటే మలేరియా పరీక్ష చేయించారా? మందు పనిచేయనప్పుడు మళ్లీ ఆలోచించారా? కేసు నిలబడేది ఈ ప్రశ్నల మీదే.

(తెరపై: 2010, సుప్రీంకోర్టు)

ఇలాంటిదే నిజంగా జరిగింది. 2002లో మలేరియా శాఖ ఉద్యోగి ఒకరి భార్య జ్వరంతో హైదరాబాద్‌లోని ఒక ఆసుపత్రిలో చేరారు. టైఫాయిడ్‌కు వైద్యం చేశారు. ఆమె దక్కలేదు. మలేరియా శాఖలో పనిచేసే మనిషి ఇంట్లోనే ఇలా జరగడం తలచుకుంటే నాకు ఇప్పటికీ గుండె బరువెక్కుతుంది. జిల్లా వినియోగదారుల ఫోరం 2 లక్షల రూపాయల పరిహారం, కట్టిన 10 వేలు వాపసు ఇమ్మంది. నిపుణుల సాక్ష్యం లేదంటూ పై కమిషన్లు దాన్ని కాదన్నాయి. తప్పు స్పష్టంగా కనబడుతుంటే ప్రతి కేసులోనూ నిపుణుల అభిప్రాయం అక్కరలేదని 2010లో సుప్రీంకోర్టు జిల్లా ఫోరం తీర్పునే నిలబెట్టింది.

(తెరపై: బల్లమీద పరిచిన ఓపీ చీటీలు, ల్యాబ్ రిపోర్టులు, మందుల బిల్లులు.)

మీ బలం ఈ కాగితాలే. కేసు షీటు నకలు కావాలని ఆసుపత్రికి రాసివ్వండి, అందినట్టు సంతకం తీసుకోండి. 72 గంటల్లో ఇవ్వాలన్నది వైద్యుల నియమావళిలోనే ఉంది. మెషీన్ బిల్లుల మీది అక్షరాలు కొన్నాళ్లకు చెరిగిపోతాయి, ముందే జిరాక్స్ తీయించండి. మొదటి ఆసుపత్రి ఖర్చు, ఆలస్యం వల్ల విశాఖలో పెరిగిన ఖర్చు, పోయిన కూలి, పడిన బాధ దేనికది విడిగా రాయండి.

తప్పు చేసిన ఆసుపత్రి విశాఖలో ఉన్నా, ఫిర్యాదు కోసం విశాఖ తిరగనక్కరలేదు. 2019 వినియోగదారుల చట్టం ప్రకారం మీరు నివసించే జిల్లాలోనే, శ్రీకాకుళంలోనో విజయనగరంలోనో, వినియోగదారుల కమిషన్‌లో వేయవచ్చు. ఆసుపత్రికి కట్టిన సొమ్ము 5 లక్షల లోపైతే ఫీజు లేదు. వకీలు తప్పనిసరి కాదు. సందేహముంటే 1915కు ఫోను చేయండి.

గడువు రెండేళ్లే. తాకట్టు విడిపించుకున్నాక చూద్దామని ఆగితే ఆ రెండేళ్లూ అందులోనే గడిచిపోతాయి. పొరపాటు బయటపడిన తేదీని ఈ రోజే ఆ ఎక్స్‌రే కవరు మీద రాసిపెట్టండి.